ఔష్ణిక మహర్షి మళ్లీ అరణి పట్టిన కథ

పూర్వం, శ్యామవేణీ మహానది గట్లు తెంచుకొని ధీరకేతు మహారాజు ఏలుబడిలోని దేశాన్నంతా ముంచెత్తిన పెద్దవరదకు ఏడో ఏట జరిగిన సంగతి ఇది.

ఆ దేశంలో ప్రతి ఉదయం అరణి మథించి, అంటే కర్ర మీద కర్ర నిలిపి తాడుతో చిలికి, కొత్త అగ్నిని పుట్టించి దేవతలకు హవిస్సు ఇవ్వడం ఆచారం. భార్య తాడు లాగాలి, భర్త కర్రను అదిమి పట్టాలి. ఆ పని ఎరిగినవాడు తపోధనుడు, సూర్యసమతేజుడు, ముక్కు మీద కోపం గలవాడు అయిన ఔష్ణిక మహర్షి ఒక్కడే. వరదనాటి ఉదయం, మెట్ల దాకా నీళ్లొచ్చిన యాగశాలలో అతడూ, అతని ధర్మపత్ని ప్రభావరీదేవీ ఎంత చిలికినా నిప్పు పుట్టలేదు. వేళ మించిపోతోందని రాజు తొందరపడి, నిప్పు ఎక్కడిదైతేనేమని వంటశాల నుంచి కణికెలు తెప్పించి వేదిక మీద పోయించాడు. జనం ముందు జరిగిన ఆ అవమానానికి మహర్షి కళ్లెర్రజేసి, తాడు విసిరికొట్టి, ఈ జన్మలో ఇక అరణి ముట్టనని ప్రతిజ్ఞ చేసి కాకశైలం ఎక్కిపోయాడు. ప్రభావరీదేవి అరణిని కొంగున చుట్టుకొని వెనకే నడిచింది. వంటశాల నిప్పు సాయంత్రానికే చల్లారింది. వేదిక బూడిదతో పడి ఉంది.

కొండ మీద మహర్షి చేసిందేమిటి? కూర్చున్నాడు. తపస్సని పేరు పెట్టుకొని కూర్చున్నాడు. కళ్లు మూసుకుంటే రాజు మొహం, తెరిస్తే రాజు మొహం. నీళ్లు మోసింది ఆమె, దుంపలు తవ్వింది ఆమె. ఇతడు మాత్రం తన తేజస్సు నానాటికీ పెరుగుతోందని అనుకున్నాడు. పెరిగింది గడ్డం.

ఏడో ఏట రాజు చెప్పులు విడిచి కొండెక్కి వచ్చాడు. వెనక కొత్త వరికంకుల మోపులతో రైతులు వచ్చారు. పైరు చేతికొచ్చిందనీ, మథించిన అగ్నిలో దేవతలకు పెట్టనిదే జనం కొత్తబియ్యం ముట్టబోమంటున్నారనీ, కొట్లలో దాచిన పాతగింజలు కూడా అడుగంటాయనీ, తన తప్పు కాయమనీ తలపాగా తీసి నేల మీద పెట్టి వేడుకున్నాడు.

మహర్షి తలెత్తలేదు. "వంటింట్లో నిప్పుందిగా రాజా. అందులో వేసుకో" అన్నాడు.

నందిక అనే ముసలి రైతుభార్య మోపు దించి ముందుకొచ్చింది.

"పొయ్యిలో నిప్పు మాకూ ఉండాది సామీ. దేవుడికి పెట్టకుండా కొత్తన్నం ఎట్టా తినేది? చేలల్లో మేటేసిన ఇసక తోడేదానికే ఇన్నేండ్లు పట్టె. ఇదే మొదటి పంట. పిలకాయలు కుప్ప చుట్టూ తిరగతా ఉండారు. నువ్వు కోపం చేసుకోని కూకుంటివి. మాకు ఆ తీరిక లేకపాయె."

మహర్షి మొహం కందగడ్డ అయింది. నోరు తెరిచేలోగా ప్రభావరీదేవి అరణి తీసి చంకన పెట్టుకుంది. "కొండ కింద కూడా కోపపడొచ్చు. లేవండి" అంది.

లేచాడు. కరుణ కలిగి కాదు. ఇన్నేళ్ల తపస్సుకు ఒక్క చిలుకుడుకే మంట లేస్తుందనీ, రాజు తలదించుకు నిలబడి చూస్తాడనీ లేచాడు.

కొండ దిగి, యాగశాలలో కూర్చొని కర్రను అదిమి పట్టాడు. ఆమె తాడు లాగింది. పొగ కూడా రాలేదు. మెత్తబడిన అరచేతులు బొబ్బలెక్కి, చితికి, నెత్తురు కర్రకు అంటింది. పొద్దు నడినెత్తికొచ్చింది. గట్టిగా లాగమని భార్యను కసిరాడు, ఎదురుగా నిలబడవద్దని రాజును కసిరాడు, చివరికి కోపం తలకెక్కి, కమండలంలోని జలం అరచేత పోసుకొని అగ్నిదేవుణ్ణే శపించబోయాడు.

అప్పుడు సప్తజిహ్వుడు, పింగళకేశుడు, సర్వదేవముఖుడు అయిన ఆ హుతవహుడు కింది కర్రలోంచి పొగరూపంతో లేచి నిలిచాడు. అతడూ కోపంగానే ఉన్నాడు.

"శపించు. అంతకుముందు ఒకటి చెప్పు. వరదనాడు నేనెందుకు రాలేదు?"

మహర్షి చూపు కర్ర మీదికి పోయింది.

"కర్ర తడిసింది. పట్టుకోగానే నీ చేతికి తెలిసింది. ఎండిందాకా ఆగమని రాజుతో ఒక్క మాట అని ఉంటే ఆగేవాడు. ఇంతమందిలో చేతకాదనిపించుకోవడం ఇష్టంలేక చిలుకుతూ కూర్చున్నావు. రాజు తప్పు చేశాడు, నేను కాదనను. నువ్వు మాత్రం వాడి తప్పు చాటున నీది దాచుకున్నావు. ఇన్నేళ్లు పనిమాని ఏం సంపాదించావు? ఈ జనం ఇసుక తోడి చేను సంపాదించారు. నీదేది?"

మహర్షికి ఒళ్లు మండిపోయింది. ఏళ్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాడు. చూపించడానికి ఏమీ దొరకలేదు. జనం వైపు తిరిగాడు.

"ఏమీ లేదు. కర్ర తడిసిందని ఆనాడే ఎరుగుదును. చెప్పలేకపోయాను" అన్నాడు. పిమ్మట రాజును చూసి, "నీ మీద కోపం పోలేదు. వేదిక మీద పొయ్యినిప్పు వేశావు, అది తప్పే, అంటూనే ఉంటాను. దానికీ వీళ్ల కూటికీ ముడిపెట్టను" అన్నాడు.

శాపజలం కింద పారబోయరాదు. అరణి ముట్టనన్న నా ప్రతిజ్ఞకే ఈ శాపం తగలనీ అని తన నెత్తినే చల్లుకున్నాడు.

అగ్నిదేవుడు శాంతించి వరమడగమన్నాడు.

"కోపం తీసెయ్యమని అడగను. అది నాతోనే పుట్టింది. చేతకానప్పుడు చేతకాలేదని చెప్పే నోరు ఇయ్యి."

తథాస్తని అగ్ని కర్రలోకి దిగాడు. మహర్షి మళ్లీ కూర్చొని, బిగబట్టకుండా కర్రను నిలిపాడు. ప్రభావరీదేవి తాడు లాగింది. పొగ లేచి, రవ్వ రాలి, మంట అందుకుంది. కొత్తబియ్యం దేవతలకు చేరింది. ఆ పూట దేశమంతా కడుపునిండా తిన్నది.

మర్నాడు తెల్లవారేసరికి ముసురు పట్టింది. యాగశాల నిండా జనం, ముందు వరసలో రాజు. మహర్షి అరణిని తడిమి చూసి, అందరికీ కనబడేటట్టు పైకెత్తి పట్టుకొని, "తడి ఉంది. ఆగండి" అన్నాడు. అని వెళ్లి వాళ్ల మధ్యనే కూర్చున్నాడు.