యొర్దాను ఒడ్డున ఉప్పు కేక

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. ఉప్పు ఇంకా సంచుల్లోకి ఎక్కని రోజులు. గంపలో వచ్చేది, నెత్తిమీద వచ్చేది, సువార్తమ్మ నెత్తిమీద వచ్చేది.

ఆ సువార్తమ్మది సముద్రం పక్కన ఒక పాలెం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక గొంతు. పొద్దున్నే గంపెత్తుకుని "ఉప్పమ్మా ఉప్పు! తెల్లనుప్పు!" అని కేకేస్తే కోళ్లు కూడా ఉలిక్కిపడి లేచేవి. గుడి దగ్గర మొదలుపెట్టి ప్రతి గుమ్మం ముందూ ఆగేది, ఒక్క రాహేలు గుమ్మం ముందు తప్ప. "నీ ఉప్పులో సగం ఇసకే" అని రాహేలు నూతి దగ్గర పదిమందిలో అనేసింది మరి. అంతే! ఆనాటి నుంచి ఆ ఇంటి ముందు సువార్తమ్మ నోరు మూసుకుని, మెడ తిప్పుకుని పోయేది. రాహేలు పొరుగూరు పోయి ఉప్పు తెచ్చుకునేది. పంతమంటే పంతమే, ఇద్దరికీ!

ఇలా ఉండగా మిషను ఆసుపత్రి దొరసాని యేసయ్య తిరిగిన దేశం చూడ్డానికి బయలుదేరింది. తోడుగా ఒక మనిషి కావాలంది. ఓడంటే అందరికీ భయం. "నేనొస్తానమ్మగారూ" అంది సువార్తమ్మ.

ఇంకేముంది, పాలెమంతా ఆవిడ వాకిట్లోనే!

"వదినా, మా పిల్లాడికి మాట రావాలని యొర్దాను నది దగ్గర అడుగు."

"అత్తా, నా కాలునొప్పి సంగతి చెప్పు."

"పిన్నీ, మా ఆయన తాగుడు మానాలని అడుగు. నేనడగమన్నానని మాత్రం ఆయనతో అనకు!"

మర్చిపోకూడనిదానికి కొంగున ముడి వేసుకోవడం మనకి అలవాటే కదా. ఒక్కొక్కరూ వచ్చి ఆవిడ చీరకొంగున ఒక్కో ముడి వేశారు. యేసయ్య బాప్తిస్మం పొందిన ఆ యొర్దాను నీళ్లలో ముడులు ఒక్కొక్కటీ విప్పుతూ ఒక్కో మొర చెప్పాలి. అదీ మాట.

రాహేలు రాలేదు. తలుపు చాటున నిలబడి చూసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు రంగూను పోయి ఏళ్లయింది, కబురు లేదు. అడగాలని ప్రాణం కొట్టుకుంది గానీ అడుగు పడలేదు.

ఓడెక్కారు, సముద్రాలు దాటారు. బేత్లెహేములో యేసయ్య పుట్టిన చోట సువార్తమ్మ మోకాళ్లూని కళ్లు తుడుచుకుంది. కొంగు తడిమి చూసుకుంది, ముడులున్నాయి. యెరూషలేములో రాళ్లవీధుల్లో నడిచి నడిచి కాళ్లు వాచాయి. కొంగు తడిమి చూసుకుంది, ముడులున్నాయి. మర్నాడు యొర్దానుకి బయలుదేరేముందు సత్రం ఇల్లాలు ఆ చీర తెచ్చి నవ్వుతూ చేతిలో పెట్టింది. మహా మంచిది ఆవిడ. రాత్రి విడిచిన చీర మురికిగా ఉందని ముడులన్నీ ఓపిగ్గా విప్పి, తెల్లగా ఉతికి, మడతపెట్టి మరీ తెచ్చింది!

సువార్తమ్మ కొంగు తడిమి చూసుకుంది, ఒక్క ముడీ లేదు. తిడదామంటే మనసొప్పలేదు, పైగా భాష రాదు.

యొర్దాను ఒడ్డున కూలబడిపోయింది. "అయ్యో యేసయ్యా! ఏ ముడి ఎవరిదో! ఏ మొహం పెట్టుకుని ఊరెళ్లను?"

"ఎవరికేం కావాలో దేవుడికి తెలుసులే సువార్తమ్మా" అంది దొరసాని.

"ఆయనకి తెలుసమ్మగారూ. చెప్తానని మాటిచ్చింది నేను కదా!"

ఏడ్చి ఏడ్చి కళ్లు మూసుకుంది. గంప ఉన్నట్టే నెత్తిమీదికి చెయ్యెత్తింది. "ఉప్పమ్మా ఉప్పు! తెల్లనుప్పు!" గుడి పక్క ఇల్లు కళ్లకు కట్టింది, మాట రాని పిల్లాడు గుర్తొచ్చాడు. ఆ పక్క ఇల్లు, కాలునొప్పి. ఆ పక్కది రాహేలు ఇల్లు. నోరు మూసుకుని దాటేసింది. దాటగానే వీధంతా మాయం!

మళ్లీ గుడి దగ్గర మొదలెట్టింది. మళ్లీ రాహేలు గుమ్మం, మళ్లీ మూగనోరు, మళ్లీ వీధి మాయం.

మూడోసారి ఆ గుమ్మం ముందు ఆగింది. కోపమా, ఉంది. కానీ మిగతా పాలెమంతా ఆ గుమ్మం అవతలే ఉండిపోయిందాయె! గుండెనిండా ఊపిరి తీసుకుంది.

"ఉప్పమ్మా ఉప్పు! ఒసేయ్ రాహేలూ, తలుపు తియ్యవే!"

యొర్దాను ఒడ్డున ఉన్న దేశదేశాల యాత్రికులు హడలిపోయారు. సువార్తమ్మ మాత్రం చేతులు జోడించింది. "తండ్రీ, దీని కొడుకుని ఇంటికి చేర్చు. ఇసక సంగతి మేమూ మేమూ చూసుకుంటాం."

అంతే, తలుపులన్నీ టపటపా తెరుచుకున్నాయి. తాగుబోతువాడి పెళ్లాం, పక్కింటి ముసలమ్మ, వీధి చివరి బాలింత, అందరూ గుర్తొచ్చారు. ఒక్క మొరా పోలేదు. అమ్మయ్య! నవ్వుతూనే ఏడ్చేసి, యొర్దాను నీళ్లతో మొహం కడుక్కుంది.

తిరిగొచ్చిన రోజు అందరూ పలకరించి వెళ్లాక రాహేలు మెల్లగా వచ్చింది. "అందరివీ చెప్పావా వదినా?"

"నీది కూడా."

"నేను ముడి వెయ్యలేదుగా?"

"నీ గుమ్మం ముందు ఆగితే గానీ మిగతా ఇళ్లు దొరకలేదే తల్లీ!"

రాహేలు భోరుమంది. "ఆవేళ నీ ఉప్పులో ఇసక లేదు వదినా. నోరు జారాను."

"కాస్త ఉందిలేవే" అంది సువార్తమ్మ. "ఉప్పుమడి అడుగు గీకి తెచ్చాను ఆవేళ."

అడిగినవన్నీ జరిగాయా అంటే, కొన్ని జరిగాయి. కాలునొప్పి ఎక్కడికీ పోలేదు. రాహేలు కొడుకు మాత్రం ఓ మధ్యాహ్నం పెట్టె భుజానేసుకుని ఇంటికొచ్చాడు. తరవాతెప్పుడో సువార్తమ్మ కన్నుమూస్తే, కొడుకులా దగ్గరుండి మట్టి చేసింది వాడే.

ఉప్పు చేతిలో వేస్తే తగాదాలొస్తాయంటారు మనవాళ్లు. ఆ పాలెంలో క్రిస్మసు ముందురోజు మాత్రం చేతిలోనే వేస్తారు. మాటల్లేని ఇద్దరుంటే, ఒకరు ఉప్పు పట్టుకుని రెండోవాళ్ల గుమ్మం ముందు నిలబడి "ఉప్పమ్మా ఉప్పు!" అని కేకెయ్యాలి. లోపలివాళ్లు ఎంత కోపంగా ఉన్నా తలుపు తియ్యాలి, దోసిలి పట్టాలి.

"ఇసకుందా?" అని అడుగుతారు లోపలివాళ్లు.

"కాస్త ఉందిలే" అంటారు ఉప్పు తెచ్చినవాళ్లు.

ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చేస్తుంది.