కోడి ఫోటోలు, నక్క మబ్బు

ఊరి చివర సెల్ టవర్ పక్కన ఒక గొడ్లపాక. అందులో ఎద్దు, గాడిద, చుక్కల కోడి ఉండేవి. కోడి తన పిల్లలకు ఒకటే ఫోటోలు తీసేది. ఒక పిల్లను గద్ద ఎత్తుకుపోయాక, దానికి ఆ ఫోటోలే ప్రాణమయ్యాయి. అన్నిటినీ నక్క నడిపే ‘మబ్బు’లో, అదే క్లౌడ్‌లో, దాచుకుంది. మబ్బంటే ఏమిటో దానికి తెలీదు. అడగడానికి సిగ్గు.

ఒకరోజు నక్క ఎదురుపడి, “కోడమ్మా, నీ నల్లపిల్ల భలే బొద్దుగా తయారైందే!” అంది.

“నువ్వెక్కడ చూశావు? దాన్ని నేనింకా గూడు దాటనివ్వలేదే!”

నక్క నాలిక కరుచుకుని జారుకుంది.

కోడి పరుగున పాకకొచ్చి, “నా ఫోటోలు మబ్బులోంచి దింపెయ్యాలి!” అంటుండగానే వాన మొదలైంది.

“ఇంకేం దింపుతావు? మబ్బు కురిసేసింది. నీ ఫోటోలన్నీ మురిక్కాలవలో ఉంటాయి, పో,” అంది గాడిద.

పిచ్చి కోడి నిజంగానే వెళ్లి కాలవంతా వెతికింది. నవ్వాలో జాలిపడాలో తెలీదు దాన్ని చూస్తే.

“మబ్బూ లేదు, గిబ్బూ లేదు,” అంది ఎద్దు. “అవి నక్క బొరియలో ఒక పెట్టెలో ఉంటాయి. అలాంటి పెట్టే మన పాకలో పెట్టుకుందాం.”

“రెండు డిస్కులుండాలట,” అంది గాడిద.

“రెండెందుకు?” అంది కోడి.

“ఒకటి పాడైతే రెండోది.”

“రెండూ పాడైతే?”

“మూడోది దూరంగా ఎక్కడో ఉండాలి.”

“దూరంగా అంటే ఎక్కడ?”

గాడిద చాలాసేపు ఆలోచించి, “మబ్బులో!” అంది.

కోడికి ఉన్న మతి కూడా పోయింది. సరిగ్గా అప్పుడే నక్క తిరిగొచ్చింది. “సొంత పెట్టా? మంచిదే. నేనే బిగించి, ఫోటోలన్నీ అందులోకి మార్చి పెడతా,” అంది. అన్నట్టే చేసింది. పోతూ పోతూ, “పాస్‌వర్డ్ నువ్వు మరిచిపోతావేమోనని నేనూ గుర్తుపెట్టుకున్నాలే,” అంది.

“ఎంత మంచిది!” అని కోడి మురిసిపోయింది.

ఎద్దు నెమరు ఆపింది. “పెట్టె మనింట్లోనే ఉంది. తాళం ఎవరింట్లో ఉంది?”

“దీనికి తాళమెక్కడుంది మామా?”

“పాస్‌వర్డే తాళమే తల్లీ!”

కోడి గబగబా పెట్టె దగ్గరికి పరిగెత్తింది. “అయితే ఇప్పుడే మార్చేస్తా!”

“మారుద్దువుగాని. ముందొక ఫోటో తీసి అందులో పెడదాం,” అంది ఎద్దు.

మర్నాడు పెట్టెలో కొత్త ఫోటో చేరింది. ఆ ఫోటోలో పాక వెనక చెక్క ఊడి ఉంది. దాని పక్కనే పిల్లలు నిద్రపోతున్నాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు.

మిట్టమధ్యాహ్నం నక్క వచ్చి ఆ సందులో తల దూర్చింది. పిల్లలు లేవు. ఎద్దు వెనక కాళ్లున్నాయి. ఒక్క తన్నుకు మూతి వాచిపోయింది.

“ఫోటోలో నువ్వు లేవు కదా!” అని కుయ్యోమంది నక్క.

“ఫోటో తీసింది నేనేరా,” అంది ఎద్దు.

నక్క మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. కోడి పాస్‌వర్డ్ మార్చి, గద్ద ఎత్తుకుపోయిన పిల్ల ఫోటో తెరిచి, తనివితీరా ఏడ్చింది. ఈసారి దాన్ని ఎవరూ తొంగిచూడలేదు. ఇంతలో మబ్బు పట్టింది. కోడి కంగారుగా తలెత్తి చూసి, ఎందుకైనా మంచిదని పెట్టె మీద గోనె కప్పింది.

తాళం మన చేతిలో ఉంటేనే పెట్టె మనది.