గోరన్న కొన్న రంగుల పెట్టె

అనగనగా ఒక అడవిలో, రెండు వాగులు కలిసే చోట, గోరన్న అనే ముంగిస ఉండేవాడు. వాడి వయసు చిన్నది, చదువు పెద్దది, కోపం ఇంకా పెద్దది. ఎక్కడ అన్యాయం కనిపించినా ఊరుకునేవాడు కాదు. సున్నం తెచ్చి దగ్గర్లో ఉన్న బండ మీద ఒక నినాదం రాసేసేవాడు. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది ఇది: "కనిపించని శ్రమకే తొలి గౌరవం!"

వాడి కోపానికి కారణం ఉంది, పిల్లలూ. వాగు పక్క ఇసుకలో సంద్రాలు అనే తాబేలు ఏటా గుడ్లు పెట్టేది. ఎగువన ఆనకట్ట ఉంది. దాని తలుపులు ఎప్పుడు తీస్తారో కింద ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పేవారు కాదు. ఉన్నట్టుండి నీళ్ళు విరుచుకుపడేవి. రెండేళ్ళుగా సంద్రాలు గుడ్లన్నీ వాగు పాలయ్యాయి.

"అత్తా, ఈ ఏడు ఒక్క గుడ్డు కూడా పోనివ్వను," అని గోరన్న మాట ఇచ్చాడు. "కంప్యూటర్ ఒకటి మనమే తయారు చేసుకుందాం. వాగు పొడవునా ఆరు కెమెరాలు పెడదాం. పైన నీళ్ళు లేవగానే అది చూసి కొమ్ము ఊదుతుంది. అప్పటినుంచి వరద ఇక్కడికి రావడానికి రెండు గంటలు పడుతుంది."

"రెండు గంటలంటే నేను ఆ గట్టు దాకా కూడా పోలేనురా," అంది సంద్రాలు.

"నువ్వు నడవక్కర్లేదత్తా. మేమంతా వచ్చి గుడ్లు మోస్తాం."

అడవి అంతా కలిసి తేనెపట్లు చందా ఇచ్చింది. ఆ తేనె ఇచ్చి గోరన్న సంతలో ఒక్కో భాగమే తెచ్చాడు. ఇక ఒక్కటే మిగిలింది, పవర్ సప్లై. నీటికుక్కలు తిప్పే చక్రం నుంచి వచ్చే కరెంటును తీసుకుని, కంప్యూటర్‌లో ఏ భాగానికి ఎంత కావాలో అంత అందించే పెట్టె అది.

రేడియోలు బాగుచేసే ఏదుపంది, కొండలు తాత, ఒక ముల్లు పీకి నేల మీద లెక్క వేశాడు.

"చూడు నాయనా. కంప్యూటర్ మెదడుకు నూట పాతిక వాట్లు. ఆరు కెమెరాల బొమ్మలు చూసే కార్డుకు రెండొందలు. మిగతావాటికి డెబ్బై అయిదు. వెరసి నాలుగొందలు. ఎప్పుడూ నిండా బరువెత్తి నిలబెట్టకూడదు, కాస్త ఊపిరాడాలి. అయిదొందల యాభైది తెచ్చుకో. అట్ట మీది పెద్ద అంకె చూసి మోసపోకు. కింద చిన్న అక్షరాల్లో పన్నెండు వోల్టుల వరుస ఉంటుంది. పెద్ద బరువంతా మోసేది అదే. అది ఎంత ఇస్తుందో చదువు. చేత్తో ఎత్తి కూడా చూడు."

"అలాగే తాతా," అని గోరన్న సంతకు పరుగెత్తాడు.

సంతలో దుకాణం ఊసరవెల్లి రంగయ్యది. అతను మూడు పెట్టెలు ముందు పెట్టాడు.

మొదటిది కొండంత ఉంది. "ఏనుగుల వాళ్ళు సినిమాలు ఆడిస్తారే, వాళ్ళ కోసం తెప్పించా," అన్నాడు రంగయ్య. అది అక్కర్లేదని గోరన్నకు తెలుసు.

రెండోది నల్లగా, మొద్దుగా ఉంది. ఎత్తితే చెయ్యి లాగింది. అయిదొందల యాభై అని రాసుంది. చిన్న అక్షరాలు కూడా అదే మాట చెప్పాయి. వెల మూడు తేనెపట్లు.

మూడోది చూస్తే కళ్ళు చెదిరాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఒకదాని వెంట ఒకటి వెలుగుతున్నాయి. మీద బంగారు రంగులో ఏడొందల యాభై. వెల ఒక్కటే తేనెపట్టు.

"ఏడొందల యాభై పెద్దదా, అయిదొందల యాభై పెద్దదా? చదువుకున్నోడివి, నేను చెప్పాలా తమ్ముడూ?" అన్నాడు రంగయ్య. అలా అంటూ తానూ ఎర్రగా, నీలంగా మారాడు.

గోరన్న పెట్టె ఎత్తాడు. పిట్టగూడంత తేలిక. చిన్న అక్షరాలు చదివాడు. పన్నెండు వోల్టుల వరుసకు మూడొందల వాట్లే అని ఉంది. చదివాడు, పిల్లలూ. చదివాడు గానీ, వాడి మనసు అప్పటికే ప్రారంభోత్సవం మీద ఉంది. మిగిలే రెండు పట్లతో పెద్ద బ్యానరు, కంప్యూటర్‌ను పెట్టడానికి లైట్లున్న అద్దాల డబ్బా వస్తాయి. "లోపల ఉండే పెట్టెను చూసేదెవరులే," అనుకుని రంగుల పెట్టె కొన్నాడు.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. గోరన్న గొంతు చించుకుని ప్రసంగించాడు. ఒక కెమెరా పెట్టి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మరునాడు మూడు కెమెరాలు పెట్టగానే కంప్యూటర్ టక్కున ఆగింది. "కోతులు తీగ లాగుంటాయి," అన్నాడు గోరన్న. మళ్ళీ వెలిగించాడు.

వారం తర్వాత అయిదు పెట్టగానే ఇంకోసారి ఆగింది. "చక్రం సరిగా తిప్పలేదా?" అని నీటికుక్కల మీద అరిచాడు.

"చక్రం మేం చెమటోడ్చి తిప్పుతున్నాం," అంది ముసలి నీటికుక్క. "నీ డబ్బా లోపల చూసుకో ముందు."

గోరన్న చూసుకోలేదు.

మూడోసారి ఆగింది ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం. ఎగువన తలుపులు తీశారు. అన్నిటికన్నా పైనున్న కెమెరా ముందు నీళ్ళు లేచాయి. అప్పటికి ఆరోది కూడా పెట్టాడు, ఆరు కెమెరాల బొమ్మలనూ కార్డు ఒకేసారి చూడాల్సి వచ్చింది. రంగుల పెట్టె ఒక్కసారి చిటపటలాడింది. కాలిన వాసన వచ్చింది. కొమ్ము మోగలేదు.

వరద నురగ కళ్ళబడ్డాక నీటికుక్కలు కేకలు పెట్టాయి. అప్పటికి అరగంటే మిగిలింది. కుందేళ్ళు, కోతులు, గోరన్న, అందరూ ఇసుక తవ్వారు. తాబేలు గుడ్డును తిప్పకూడదు, పైవైపు పైకే ఉండాలి. అందుకని తొందరపడే వీల్లేదు. ఒక్కోటే రెండు చేతులా పట్టుకుని గట్టు ఎక్కించారు. ముప్ఫై గుడ్లలో పదకొండు చేరాయి. పన్నెండోదాని కోసం గోరన్న చెయ్యి పెట్టేసరికి అక్కడ ఇసుక లేదు. నీళ్ళే ఉన్నాయి.

సంద్రాలు తిట్టలేదు. "మాట ఇచ్చావు కదరా," అంది. అంతే.

కొండలు తాత కాలిన పెట్టె విప్పాడు. లోపల సగం ఖాళీ.

గోరన్న ఊగిపోయాడు. "దొంగ వ్యాపారం! పదండి, ఆ రంగయ్య దుకాణం ముందు బైఠాయిద్దాం!"

"బైఠాయించు, నేనూ వస్తా," అన్నాడు తాత. "ముందు ఒక్క మాట చెప్పు. చిన్న అక్షరాలు చదివావా?"

గోరన్న తల దించుకున్నాడు. "చదివాను తాతా."

"మరి?"

"బ్యానరు కోసం..." అన్నాడు గోరన్న.

తాత ముల్లుతో బండ వైపు చూపించాడు. "కనిపించని శ్రమకే తొలి గౌరవం. ఎంత మంచి మాట రాశావురా! నీ డబ్బాలో కనిపించకుండా బరువంతా మోసేది ఏది? దానికి ఏమిచ్చావు? అందరికీ పెట్టగా మిగిలింది ఇచ్చావు."

ఆ మాట గోరన్నకు ముల్లు కన్నా లోతుగా దిగింది. ఆ సాయంత్రమే సంద్రాలు దగ్గరకు, నీటికుక్కల దగ్గరకు, కోతుల దగ్గరకు వెళ్ళి తప్పు తనదేనని చెప్పుకున్నాడు. అద్దాల డబ్బా, లైట్లు, బ్యానరు గుడ్డ అన్నీ ఇచ్చేసి, నల్లటి బరువైన పెట్టె తెచ్చుకున్నాడు. కంప్యూటర్‌ను మామూలు చెక్కపెట్టెలో బిగించాడు. ఆరు కెమెరాలూ పెట్టి మూడు రోజులు ఆపకుండా నడిపి చూశాడు. అది ఆగలేదు.

ఆ తర్వాత రంగయ్య దుకాణం ముందు కూర్చున్నాడు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. "అన్నా, చిన్న అక్షరాలు చదువు. అక్కా, ఎత్తి చూడు." మూడు సంతలు గడిచేసరికి రంగుల పెట్టె అడిగినవాళ్ళు లేరు. రంగయ్య గోడ రంగులోకి మారి గోడకే అతుక్కుపోయాడు.

నెల తిరక్కముందే మళ్ళీ తలుపులు తీశారు. ఈసారి కొమ్ము మోగింది. గట్టు మీది కొత్త గూడును కూడా నీళ్ళు తాకేలా ఉన్నాయి. రెండు గంటల్లో పదకొండు గుడ్లనూ నింపాదిగా ఇంకా పైకి చేర్చారు. పది రోజులకు వాటిలోంచి పదకొండు పిల్లలు బయటకు వచ్చాయి.

సంద్రాలు చెక్కపెట్టె దగ్గరకు వచ్చి చెవి ఆనించింది. "ఏమిట్రా, ఈ నల్లది ఉన్నట్టే లేదు?"

"అవునత్తా," అన్నాడు గోరన్న. "ఉలుకూ పలుకూ లేదు. పని చేస్తోంది."

నీతి: బరువంతా మోసేది కంటికి కనిపించదు, దానికి అందరికీ పెట్టగా మిగిలింది కాదు, కావలసింది ముందుగా ఇవ్వాలి.