బిగిసిన తాడు

రాజబాట పక్కన కానుగ మొక్కలు నాటించి, ఒక్కోదాన్ని ఊతకర్రకు తాడుతో కట్టించాడు అధికారి వీరభూపయ్య. ఆ తాడు తెంచినవాళ్ల చెయ్యి నరికిస్తానని చాటింపు కూడా వేయించాడు.

మూడేళ్లు కడవలతో నీళ్లు మోసి వాటిని పెంచింది సుంకులమ్మ. మొక్కలు లావెక్కేకొద్దీ తాళ్లు బెరడులోకి దిగిపోయాయి. వదులు చేయించమని నాలుగుసార్లు వేడుకుంటే, "నాకు నేర్పుతావా?" అని కసిరాడు వీరభూపయ్య. తాడు కోసుకుపోయిన చోటే ఒక చెట్టు విరిగిపడిన రోజు ఆమెకు ఒళ్లు మండింది. కొడవలి తీసి సగం బాట దాకా తాళ్లు తెంచేసరికి భటులు పట్టుకుని రాజుగారి ముందు నిలబెట్టారు.

"తెంచావా?" అన్నాడు వీరభూపయ్య.

"తెంచాను, నరికించండి. ముందు ఒక్క మాట చెప్పండయ్యా. మీ బారసాలనాడు కట్టిన మొలతాడే ఇప్పటికీ మీ నడుముకుందా?"

"అదెలా ఉంటుంది? బిగుతైతే మా అమ్మ తెంచేసి కొత్తది కట్టింది."

"మరి ఆ తల్లి చెయ్యి ఎవరు నరికారు?"

రాజుగారు ఆ కొడవలి తెప్పించి వీరభూపయ్య చేతిలోనే పెట్టారు.

"మిగతా తాళ్లు నువ్వు తెంచు."

సుంకులమ్మ కోపం ఇంకా చల్లారలేదు. "బెరడుకు గాటు పడిందంటే ఊరుకోనయ్యా," అంటూ అతని వెనకే నడిచింది.