హారతి గంట

నూకరత్నానికి కోపం వచ్చింది. ఇంకెవరి మీదైనా వస్తే కడిగేసేది. గురువుగారి మీద వచ్చింది. ఆ కోపం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, పైకి అనలేం, లోపల దాచుకోలేం.

నాగావళి ఒడ్డున కూర్మయ్య మాస్టారి తాలింఖానా, అదే, కసరత్తుశాల. రేకుల షెడ్డు, గోడకి ఆంజనేయస్వామి పటం, పటం ముందు దీపం, ఒక ఇత్తడి గంట. గుమ్మంలో అడుగు పెడితే ఇనుము వాసనా సిందూరం వాసనా కలిసి వస్తాయి. రత్నం ఇంటర్‌తో చదువాపేసి బట్టల కొట్లో చేరింది. కొట్లో పనయ్యాక రోజూ అక్కడికి వచ్చేది.

కిందటి వానాకాలంలో వచ్చిన మొదటిరోజు, ఒట్టి రాడ్డు భుజాల మీద పెట్టుకుని బస్కీ తీస్తే కాళ్లు లేగదూడ కాళ్లలా వణికాయి. మాస్టారు మెచ్చుకోలేదు, నవ్వలేదు. ఆ పిల్ల పూర్తిగా కిందికి కూర్చున్నప్పుడు రాడ్డు కొస ఎందాకా దిగిందో చూసి, పక్క గోడ మీద అక్కడ సుద్దముక్కతో చిన్న గీత గీశారు. అంతే.

చలికాలంలో రాడ్డుకి చిన్న ప్లేట్లు ఎక్కాయి. ఎండలు ముదిరేసరికి పెద్దవి ఎక్కాయి. కుర్రాళ్లు తమ కసరత్తు ఆపి చూడటం మొదలెట్టారు.

ఆ తాలింఖానాలో ఒక ఆచారం ఉంది. ఆ పూట అందరికన్నా ఎక్కువ బరువు ఎత్తినవాళ్లు హారతివేళ గంట కొట్టాలి. స్వామికి చేసే సేవ కదా, దాన్ని మించిన బహుమతి ఏముంటుంది! కొన్నాళ్లుగా ఆ గంట రత్నం చేతిలోనే మోగుతోంది.

అలాంటి రత్నాన్ని దసరా వెళ్లాక జరిగే జిల్లా పోటీలకి పంపనంటున్నారు మాస్టారు. ముగ్గురి పేర్లు చెప్పారు. అందులో తన పేరు లేదు. ఆ పోటీలో నెగ్గితే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు వస్తుంది. నెగ్గకపోతే మళ్లీ ఆ కొట్టే, ఆ చీరలు మడతపెట్టడమే.

ఉండబట్టలేక అడిగేసింది.

"నాకేటి తక్కువ, మాస్టారూ?"

మాస్టారు దీపంలో నూనె పోస్తున్నారు. తల తిప్పలేదు. "ఎంత వేస్తావు ఇవాళ?"

"నిన్నటికన్నా ఎక్కువే వేస్తాను."

"వెయ్యి."

పక్కన కసరత్తు చేస్తున్న సూరిబాబు ఊరుకోడు కదా. "ఓలమ్మా, రత్నం! ఆ రాడ్డు వంగిపోతే కొత్తది నువ్వే కొనాల!"

"నీ నడుం వంగకుండా చూసుకో ముందు," అంది రత్నం ప్లేట్లు ఎక్కిస్తూ.

ఈలోగా మాస్టారు స్వామి ముందున్న గంట తీశారు. కళ్లకద్దుకున్నారు. గోడ మీద సుద్దగీత దగ్గర ఒక మేకు కొట్టి, ఆ మేకు నుంచి, రాడ్డు ఆనించే రెండు గుంజల్లో ఇవతలిదానిదాకా దారం లాగి కట్టారు. దారానికి గంట వేలాడదీశారు. రాడ్డు కొస ఆ గీతదాకా దిగితే దారానికి తగులుతుంది, గంట మోగుతుంది. తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

రత్నం నేలకి దండం పెట్టింది. రాడ్డు కింద దూరి, భుజాలకెత్తుకుని వెనక్కి అడుగేసింది. ఊపిరి బిగబట్టి కూర్చుంది, లేచింది. మెడ నరాలు ఉబ్బాయి గానీ లేచింది! షెడ్డంతా చప్పట్లు.

గంట మోగలేదు.

ముందు ఎవరూ గమనించలేదు. రత్నమే గమనించింది. వంగి దారం వైపు చూసింది. రాడ్డు కొసకీ దారానికీ మధ్య జానెడు పైనే ఉండిపోయి ఉంటుంది. దారం కదలనైనా లేదు.

"దారం కిందికి కట్టారేమో, మాస్టారూ," అన్నాడు సూరిబాబు.

మాస్టారు సుద్దగీత వైపు వేలు చూపించారు. ఆ గీత ఎవరిదో, ఎప్పటిదో రత్నానికి తెలుసు.

పళ్లు బిగించి మళ్లీ రాడ్డు ఎత్తుకుంది. ఈసారి ఇంకాస్త దిగింది. ఇంకాస్త. అక్కడ తొడలు మొరాయించాయి. పైకి రాలేదు, కిందికి పోలేదు. సూరిబాబూ ఇంకొకడూ పరుగెత్తుకొచ్చి చెరోవైపు పట్టుకుని రాడ్డుని గుంజల మీదికి చేర్చారు. ఇప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రత్నం గోడవైపు తిరిగి నిలబడింది. ప్లేటు ఎక్కించిన ప్రతిసారీ తను ఇంకాస్త పైనే ఆగిపోతూ వచ్చింది. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా ఆ గీత వంక చూడలేదు. పూర్తిగా కిందికి దిగకపోతే పోటీలో ఆ బస్కీ లెక్కకే రాదు.

బయట చీకటి పడింది. మాస్టారు లేచి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చారు. అందరూ చేతులు జోడించారు. పళ్లెంలో కర్పూరం వెలిగించి ఆయన స్వామి ముందు నిలబడ్డారు.

"గంట, తల్లీ," అన్నారు.

కర్పూరం ఎంతసేపు వెలుగుతుంది చెప్పండి?

సూరిబాబు దారం విప్పబోయాడు. మాస్టారు చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రత్నం ఒక్క అంగలో దారం దగ్గరికి వెళ్లింది. వేలితో ఒక్కసారి కదిపితే చాలు, మోగుతుంది. వేలు దారందాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

గబగబా రాడ్డు దగ్గరికి పోయి ప్లేట్లు ఊడదీసింది. ఒకవైపు పెద్దది, రెండోవైపు పెద్దది. తర్వాత చిన్నవి. అందరూ చూస్తున్నారు. చివరికి ఒట్టి రాడ్డు మిగిలింది, మొదటిరోజు ఎత్తిన రాడ్డు.

నేలకి దండం పెట్టింది. దాన్నే భుజాలకెత్తుకుంది. స్వామి వైపు చూస్తూ మెల్లగా దిగింది, దిగింది, పూర్తిగా దిగింది.

గంట మోగింది.

లేచి మళ్లీ కూర్చుంది. మళ్లీ మోగింది. హారతి అయ్యేదాకా అలా మోగుతూనే ఉంది. చెంపల మీంచి కారేది చెమటో కన్నీరో ఆ వెలుగులో ఎవరికీ తెలియలేదు.

కర్పూరం కొండెక్కబోతుండగా మాస్టారు పళ్లెం ముందుగా ఆ పిల్ల దగ్గరికే తెచ్చారు. రత్నం రాడ్డు దించి హారతి కళ్లకద్దుకుంది.

"గంట విప్పీమంటారా, మాస్టారూ?" అన్నాడు సూరిబాబు.

"ఉండనీ," అన్నారు ఆయన. రత్నం వైపు తిరిగారు. "రేపు చిన్న ప్లేట్లు వేద్దాం. వచ్చేటప్పుడు జిల్లా పోటీలకి నీ పేరు కూడా ఇచ్చేసి వస్తాను."