బొంతలకోటి వాళ్ళ వేలి మర్యాద

బొంతలకోటి వాళ్ళింట్లో తెలివి ఎక్కువైపోయి చుట్టుపక్కల ఇళ్ళకి పంచిపెట్టేవారట. అట అని ఎందుకంటున్నానంటే, ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు. పుచ్చుకున్న ఇల్లు నాకైతే ఒక్కటీ కనబడలేదు.

వాళ్ళకి మాటంటే మాటే. డాక్టరు "పడుకునే ముందు ఒక మాత్ర వేసుకోవయ్యా" అన్నాడని ఇంటాయన అప్పలకొండ రాత్రి ఒకటి, మధ్యాహ్నం కునుక్కి ఒకటి, బస్సులో ఒరిగినప్పుడు ఒకటి మింగేవాడు. మింగితే నిద్ర, నిద్రొస్తే మళ్ళీ మాత్ర. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే" అని వాళ్ళావిడ సన్యాసమ్మ మురిసిపోయేది.

సన్యాసమ్మ తమ్ముడు పైడిరాజు. పాపం, వాడికి చిన్నప్పటి నుంచీ జంతువులంటే ప్రాణం. బావిలో కప్పలకి పేర్లు పెట్టి పిలిచేవాడు. అలాంటివాడికి సముద్రాలవతల సరవాక్ అడవుల్లో జంతువుల చదువుకి సీటొచ్చింది. ఇంకేముంది, ఒక్కడి తెలివి అంత దూరం సరిపోదని అక్కా బావా తోడు బయల్దేరారు.

అక్కడ చదువు చెప్పే కామేశం మాస్టారు మన రాజమండ్రి మనిషే. రేవులోనే మొహం మీద చెప్పేశాడు. "చూడు పైడిరాజూ, ఈ వారమంతా నీకు పరీక్ష. ఊరివాళ్ళకి గానీ జంతువులకి గానీ నీ వల్ల ఇబ్బంది కలిగిందో, సాయంత్రం పడవకే ఇంటికి పంపించేస్తాను."

పైడిరాజు చేతులు కట్టుకున్నాడు. "ఎవరేం చెబితే అది అక్షరాలా చేస్తానండీ" అన్నాడు. మాస్టారు సంతోషించాడు. పాపం, ఆయనకేం తెలుసు!

బస ఒక పొడుగింట్లో. నదొడ్డున గుంజల మీద లేపిన ఇల్లు, ఒకటే కప్పు, ఒకటే పంచ, పంచ పొడుగునా గుమ్మాలు, గుమ్మానికో కుటుంబం. ఇంటావిడ సెలియా వెదురుబొంగులో వండిన కోడికూర పెట్టింది. పైడిరాజు పీకలదాకా తిన్నాడు. ఆవిడ మళ్ళీ అన్నం తెచ్చింది. "అమ్మో, చాలు తల్లీ" అని వాడు లేచిపోబోతే ఆవిడ కంగారుగా ఏదో అంది.

పక్కనే తింటున్న మాస్టారు చెప్పాడు. "ఇక్కడి మర్యాదయ్యా. పెట్టింది వద్దనుకుంటే వేలితోనైనా తాకి వెళ్ళాలి. తాకకుండా పోయినవాళ్ళకి దారిలో ఆపదొస్తుందని వీళ్ళ నమ్మకం."

"ఆపదే!" అంది సన్యాసమ్మ. అంతే, ముగ్గురూ అన్నాన్ని తాకారు. అక్కడితో ఆగితే నేనీ కథ చెప్పేవాణ్ణే కాదు.

తెల్లారి చూస్తే పంచంతా తిండే. గుమ్మం గుమ్మానికీ పిల్లలు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. "ఇంత తిండి మనం తినడం లేదు బావా, ఎన్ని ఆపదలో!" అన్నాడు పైడిరాజు. ఇంకేముంది, ముగ్గురూ వేళ్ళు చాచుకుని బయల్దేరారు. ఈ కంచంలో ఒక వేలు, ఆ కంచంలో ఒక వేలు. పిల్లలు కెవ్వుమన్నారు. సన్యాసమ్మ వంటిళ్ళలోకి దూరి కుండల మూతలు తీసి తాకింది. అప్పలకొండ ఇంటి కిందకి దిగి పందుల తొట్టిలో తవుడు తాకి, పందికి దండం పెట్టి వచ్చాడు.

అక్కణ్ణించి సంత. చేపలు తాకారు, రొయ్యలు తాకారు. పనసకాయలాంటి ముళ్ళ పండుని గట్టిగా తాకి సన్యాసమ్మ వేలు చీరుకుంది. ఒక బుట్టలో బతికున్న పురుగులు. అవి అక్కడివాళ్ళు ఇష్టంగా వేయించుకు తింటారు. అప్పలకొండ ఒక్కొక్కటే తాకడం మొదలెట్టాడు.

"అన్నిటికీ కలిపి ఒకసారి తాకరాదా బావా?"

"దేని ఆపద దానిదేరా! తాకిందీ తాకందీ కలిసిపోకుండా ఇటు పక్కన పెడతాను" అని కింద పెట్టాడు. అంతే, పురుగులు సంతంతా పాకాయి. అమ్మే ఆవిడ చీపురు తీసింది.

మాస్టారు పరుగున వచ్చి అందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నాడు. "మహానుభావులారా! ఎదురుగా తెచ్చి పెడితేనే తాకాలి. పెట్టనిది తాకకూడదు. ఇదే ఆఖరుసారి పైడిరాజూ, ఇంకొక్క గొడవైతే నీ చదువు సరి!"

పైడిరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఇంక పెట్టిందే తాకుతానండీ."

మర్నాడు అడవి. చెట్టు మీద పొడుగు ముక్కు కోతి ఒకటి ఆకులు నములుతూ వీళ్ళ ఎదురుగా ఒక రెమ్మ పడేసింది. పెట్టినట్టేగా! ముగ్గురూ తాకారు. కాసేపటికి పై నుంచి ఇంకోటి కూడా పడేసింది. అదీ తాకాడు అప్పలకొండ. తరవాత వాగులో చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు.

కోతికి కోపం రాలేదు గనక మాస్టారు ఊపిరి పీల్చుకుని, పడవెక్కించి నది మీదికి తీసుకెళ్ళాడు. ఒడ్డున బురదలో మొసలి! నోరు తెరుచుకుని ఎండ కాగుతోంది. పైడిరాజుకి ఆనందంతో ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ బొమ్మల్లో చూసింది ఎదురుగా ఉంది మరి! కదలకుండా, కిక్కురుమనకుండా చూశాడు. పళ్ళు, పొలుసులు, తోక ఊపు, అన్నీ గుర్తుపెట్టుకున్నాడు.

మాస్టారు మెచ్చుకుని భుజం తట్టాడు. "శభాష్! నీ సీటుకి ఢోకా లేదు. అలాగే కూర్చో. దాని లెక్కలో మనం భోజనం, దాని ఎదురుగా తెచ్చి పెట్టినట్టే ఉన్నాం."

మొసలి వీళ్ళని ఒకసారి చూసింది. నోరు మూసింది. బద్ధకంగా నీళ్ళలోకి జారి అవతలికి తిరిగింది.

పైడిరాజు పడవలో లేచి నిలబడ్డాడు. "అయ్యో మాస్టారూ! తినకుండా పోతోంది! తాకనైనా తాకలేదు! దారిలో ఆపదొస్తుంది దానికి!"

"ఎవరికి?" అన్నాడు మాస్టారు. అప్పటికే వాడు దూకేశాడు. ప్రాణంలాంటి సీటు పోతుందని తెలుసు. తెలిసే దూకాడు.

"ఒక్కసారి తాకిపో తల్లీ! ముక్కుతోనైనా సరే!" అంటూ ఈదుకుంటూ వెంటపడ్డాడు. తిండి తనని తరమడం ఆ మొసలి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. హడలిపోయి గిర్రున తిరిగి తోకతో వాడి చెంప ఛెళ్ళుమనిపించి, నీళ్ళు చీల్చుకుంటూ పారిపోయింది.

"తాకింది! తాకింది!" అని పైడిరాజు కేరింతలు.

"సాయంత్రం పడవ!" అని మాస్టారు తల పట్టుకున్నాడు.

"పోనీలెండి మాస్టారూ" అన్నాడు పైడిరాజు వాచిన చెంప తడుముకుంటూ. "చదువు పోతే పోయింది, దాని ప్రాణం నిలబడింది."

అక్కడ పడవలో అప్పలకొండ మొహం మాత్రం పాలిపోయింది. "నిన్ను తాకింది సరేరా! మరి నన్నో?" అని దభీమని దూకాడు.

"ఏవండీ, ఉండండి, నన్నూ వద్దనేసి పోయింది!" అని సన్యాసమ్మ చీర కొంగు బిగించి వెనకాలే దూకింది.