స్క్రూ మీద రాజముద్ర

వెనకటికి ఒక రాజ్యంలో రాజూ ఉండేవాడు, కరెంటూ ఉండేది. అక్కడి మంత్రి భల్లటుడు, తాను ప్రజలకు చేసిన మేళ్లన్నీ అక్షరాల్లో కనబడాలని కోట గుమ్మానికి అరచేతంత డిస్‌ప్లే పెట్టించాడు. వైర్లు కలిపింది బజారులో బొమ్మలు బాగుచేసే సింగమ్మ. లైటయితే వెలిగింది గానీ ఒక్క అక్షరమూ కనబడలేదు.

సింగమ్మకు జబ్బు తెలిసిపోయింది. అక్షరాలు మరీ మసకగా ఉన్నాయి, వెనకున్న చిన్న స్క్రూ కాస్త తిప్పితే నల్లబడతాయి. తీరా చూస్తే మంత్రిగారు ఆ స్క్రూ మీదే లక్క పోసి రాజముద్ర వేశారు.

"ముద్ర తీయించండి బాబూ" అంది.

"నేను పరీక్షించిన యంత్రంలో లోపమా? రాజుగారు వచ్చేలోగా అక్షరాలు రాకపోతే నిన్ను ఊళ్లోంచి వెళ్లగొట్టిస్తా!" అన్నాడు మంత్రి.

అంతలో రాజు రానే వచ్చాడు. "ఇదేమిటి, ఖాళీగా ఉంది?"

సింగమ్మ చేతులు కట్టుకుంది. "యంత్రంలో ఏ లోపమూ లేదని మంత్రిగారే సెలవిచ్చారు ప్రభూ. ఆయన చేసిన మేళ్లను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తోంది."

రాజు మంత్రి వైపు తిరిగాడు. మంత్రి లక్కను గోళ్లతో గీకేస్తూ కోట దద్దరిల్లేలా అరిచాడు. "లోపం ఉంది ప్రభూ! యంత్రంలోనే ఉంది!"

సింగమ్మ బొడ్లోంచి స్క్రూడ్రైవరు తీసింది. "ఈ మాట ఇందాకే అనుంటే ఎప్పుడో అయిపోయేది కదా బాబూ!"